హిప్పీలది ఏ గోత్రం?

ఈ కథలో మొదటి తప్పు రాసినవాడిదే. ఒప్పుకోకుండా మొదలుపెడితే జమ్లి యాడి (తండాలో పెద్దావిడలంతా యాడి, అంటే అమ్మే) ఊరుకోదు కనుక ముందే చెప్పేస్తున్నాడు. ఆ తుంటరి పేరు వినోద్‌కుమార్. బాన్సువాడ బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీలు కొట్టే షాపు వాడిది. డిజైనింగ్ ఎవరూ నేర్పలేదు, ఫోనులో చూసి తానే నేర్చుకున్నాడు. అక్షరదోషాలకైతే ఫోను కూడా అక్కర్లేకపోయింది. ఇక్కణ్ణుంచి వాణ్ణి ఊళ్ళో నలుగురూ చూసినట్టే కాస్త దూరం నుంచి చూద్దాం. వాడికి అదే మర్యాద.

తప్పు చూడబోతే ఒక్క గుడిదీర్ఘమంత. తండాలో మనుషులు రెండే రకాలు. గోర్ అంటే లంబాడీ, మనవాడు. కోర్ అంటే తక్కిన లోకమంతా. హిందీలో ఇంకో మాట ఉంది, గోరీ. అంటే తెల్లావిడ. జమ్లి గోవా నుంచి ఫోన్ చేసి, "అరేయ్, మోతీరాం నాయక్‌కు చెప్పు. సేవాలాల్ జయంతికి నాతోని గోరీ వస్తుంది. ఆమె పేరు మీద మొక్కు ఉంది. భోగ్ నిప్పుల కాడ నెయ్యి పోయిస్త" అంది. వినోద్ ఆ గుడిదీర్ఘాన్ని మింగేసి నాయక్‌కు వాట్సాప్‌లో పెట్టాడు: "జమ్లి యాడి తోని విదేశం గోర్ ఆమె వస్తుంది." నవ్వుకుందామనే పెట్టాడు. నాయక్ నవ్వలేదు, నమ్మాడు.

నమ్మడానికి ఆయనకు కారణం ఉంది. యూరప్‌లో బళ్ళు కట్టుకుని ఊరూరా తిరిగే జనం మనవాళ్ళేననీ, ఎప్పుడో తప్పిపోయి అటు వెళ్ళారనీ తండాల్లో చెప్పుకుంటారు. తండా పెద్ద మోతీరాం నాయక్ ఏ మీటింగులో మైకు దొరికినా ఆ సంగతి ఎత్తకుండా దిగడు. ఇప్పుడు సాక్ష్యం తనంతట తానే బస్సెక్కి వస్తోంది. వెంటనే వినోద్ షాపుకే వచ్చి ఫ్లెక్సీ కొట్టమన్నాడు. "తప్పిపోయి తిరిగొస్తున్న మన గోర్ బిడ్డకు స్వాగతం." మధ్యలో నాయక్ నిలువెత్తు బొమ్మ, పైన లంబాడీల గురువు సేవాలాల్ మహరాజ్. వచ్చే మనిషి ఫోటో లేదు కాబట్టి ఆమె చోట ఒక గుండ్రటి అద్దం బొమ్మ. వినోద్‌కు అప్పుడైనా నోరు తెరిచే వీలుంది. తెరవలేదు. ఫ్లెక్సీ బస్టాండు ముందర కట్టి, కింద నిలబడి సెల్ఫీ కూడా దిగాడు.

ఇక జమ్లి సంగతి.

జమ్లికి అరవై దాటాయి. తండా బిచ్కుంద రోడ్డు మీంచి లోపలికి, గట్టు మీద ఉంటుంది. నిజాంసాగర్ నీళ్ళు వర్ని వైపు పొలాలన్నిటికీ వెళ్తాయి గానీ ఈ గట్టు ఎక్కవు. అందుకని నాట్లకూ కోతలకూ తండా ఆడవాళ్ళే వర్ని వెళ్తారు. జమ్లి కూడా అలాగే పెరిగింది. భర్త సోమ్లా పెళ్ళయిన కొన్నాళ్ళకే జ్వరంతో పోయాడు. వానలు పడని ఒక ఏడాది, పాత లంగాలూ రవికలూ గోనెసంచిలో కుక్కుకుని మేనత్త వెంట గోవా రైలెక్కింది. అక్కడ తెల్లవాళ్ళు అద్దాల బట్టలు కొంటారట.

కొన్నారు. అదే ఆమెకు వింత. కొత్తగా కుట్టినవి పక్కకు నెట్టి, చెమటకు రంగు పోయినవే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి మరీ కొన్నారు. పడుచు పిల్లలు ఇంత పొడుగు జుట్లతో, చెప్పులు లేకుండా, సముద్రం ఒడ్డున పొద్దు గుంకుతుంటే చప్పట్లు కొట్టేవాళ్ళు. "దినాం మునిగేదానికి సప్పట్లేందే?" అని జమ్లి మేనత్తను అడిగింది. మేనత్తకూ తెలియదు. వాళ్ళు అమ్మానాన్నా పెట్టిన పేర్లు పారేసి గంగ, శాంతి, ఓం అని పేర్లు పెట్టుకున్నారు. "మా తండాల శాంతి అంటె అందరికంటె ఎక్కువ కొట్లాడే ఆమె" అని జమ్లి ఒక శాంతికి చెప్పింది కూడా. వీళ్ళనే హిప్పీలంటారని తర్వాత తెలిసింది.

వాళ్ళలో ఒకామె నీల. హాలెండు పిల్ల. ఒకరోజు బేరం మధ్యలో తన గుడిసెకు రమ్మంది. జమ్లి వెళ్ళి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. గోడ వారగా దేవుళ్ళు. ఏసు, బుద్ధుడు, కృష్ణుడు, ఒక శంఖం, ఒక నెమలీక. కింద పరిచిన గుడ్డ జమ్లి క్రితం వారం అమ్మింది. వాళ్ళ అమ్మ లంగా.

"ఏయ్, మా యాడి లంగా మీద దేవుళ్ళను కూసోబెట్టినవా? నీకు సిగ్గుశరం ఉన్నదా?"

నీలకు అప్పటికి వచ్చిన హిందీ అంగడి హిందీయే. అర్థమయ్యాక ఆమె నొచ్చుకోలేదు, నవ్వలేదు. "అమ్మ లంగా కంటే పవిత్రమైన గుడ్డ ఏముంది? అందరూ దాని కిందనుంచే వచ్చారు కదా" అంది.

జమ్లి ఆ గుడ్డ లాక్కుని బయటికొచ్చేసింది. సంచీలో పెట్టుకుంది. ఆ మాట మాత్రం సంచీలో పట్టలేదు, సీజన్ అంతా వెంట తిరిగింది. తండాకు తిరిగి వచ్చే రోజున వెళ్ళి గుడ్డ మళ్ళీ ఇచ్చేసింది. డబ్బు అడగలేదు. "మల్ల పరుసుకో. కాకపోతె మా సేవాలాల్, సేవాభాయా బొమ్మ కూడ పెట్టు, ఆయన ఒక్కడు ఏం పాపం జేసిండు" అంది.

అక్కడ మొదలైన స్నేహం చలికాలం చలికాలానికీ పెరిగింది. ఈ హిప్పీల భక్తి ఏమిటో జమ్లికి నీల వల్లే తెలిసింది. మొదట్లో గంజాయి పొగలో దేవుడు కనిపించేవాడట. పొగ పోగానే ఆయనా పోయేవాడు. ఇట్లా లాభం లేదని గురువుల వెంట పడింది. ఒక గురువు నోరు మూసుకోమన్నాడు, మూసుకుంది. ఇంకో గురువు గంతులెయ్యమన్నాడు, వేసింది. మూడో గురువు ఆస్తి రాసిమ్మన్నాడు. అక్కడ మళ్ళీ నోరు తెరిచి, ఆయనను తిట్టి బయటికొచ్చేసింది. ఆ తర్వాత ఆమెకు గుడి లేదు, గురువు లేడు, పూజారి లేడు. తినేముందు పక్కవాళ్ళ చేతులు పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకునేది. పున్నమికి ఒడ్డున మంట వేసేది. దేవుళ్ళందరూ ఒకటే, ఆయన ఎవరి పేరూ అడగడు అనేది.

ఆ ఒడ్డున చప్పట్లు కొట్టినవాళ్ళంతా తర్వాత జుట్టు కత్తిరించుకుని తమ దేశాల్లో కొలువులకు వెళ్ళిపోయారు. నీల ఉండిపోయింది. గంజాయి మానేసింది, బీడీ మానలేదు. పట్టిన మాట వదల్లేదు. జమ్లికి ఆమెలో నచ్చింది అదే. "పిస్సది గానీ, మాట మీద నిలవడ్డ పిస్సది" అనేది.

రెండేళ్ళ కింద నీలకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. దవాఖానలో పెట్టారు. లోపలికి సొంతవాళ్ళనే రానిస్తామన్నారు. జమ్లి మెట్ల మీద కూర్చుంది. సంచీలో అమ్మకానికి తెచ్చిన బట్టలు అలాగే ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక, చిన్నప్పటి నుంచీ చూసిన భోగ్‌ను కళ్ళ ముందుకు తెచ్చుకుంది. తెల్లజెండా కింద పిడకల నిప్పులు. వాటి మీద బెల్లం పాయసం, నెయ్యి. మొదటి గరిటె ఎవరి పేరూ లేకుండా పడుతుంది. "బాట" అని ఒక్క మాట అని పోస్తారు. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని తాతలు దేశం తిరిగిన కాలం నాటి గరిటె అది. "ఎవరిదే అది?" అని చిన్నప్పుడు అడిగితే, "నడిచేటోళ్ళది" అంది వాళ్ళ యాడి. ఆ తర్వాత గోత్రాల పిలుపు. రాథోడ్, పవార్, చవాన్. ఎవరి గోత్రం పిలిస్తే వాళ్ళ చెయ్యి లేస్తుంది, నెయ్యి పడుతుంది, మంట లేస్తుంది. మంట లేచిందంటే సేవాభాయా అందుకున్నట్టు.

"సేవాభాయా, ఇది లేస్తె నీ భోగ్ కాడికి తెస్త. దాని చేత్తోనే నెయ్యి పోయిస్త," అని మొక్కింది.

నీల లేచింది. పోయిన ఏడాది నడవలేకపోయింది. ఈసారి నడుస్తోంది గానీ ఎండలు ముదరకముందే తన దేశం వెళ్ళిపోతోంది. మళ్ళీ రావడం ఆమె వల్ల కాదు. మోకాళ్ళు పోయాయి, వీసా కూడా అయిపోతోంది. అంటే మొక్కు తీరితే ఈ భోగ్‌కే తీరాలి. తప్పితే జమ్లి బతికినన్నాళ్ళూ అది మెడ మీదే ఉంటుంది.

జయంతికి ముందురోజు మధ్యాహ్నం బస్సు బాన్సువాడలో ఆగింది. ముందు జమ్లి దిగింది, పూల నైలాన్ చీర, పైన మగవాళ్ళ స్వెట్టరు. వెనకాల నీల దిగింది. అద్దాల లంగా, అద్దాల రవిక, తల మీద ఓణీ, చేతుల నిండా తెల్ల గాజులు, కాళ్ళకు గజ్జెలు. ఇద్దరిలో లంబాడీ ఎవరో చెప్పమంటే కొత్తవాడు తప్పు చెప్పాల్సిందే.

డప్పు మోగింది. మోతీరాం నాయక్ దండ పట్టుకుని ముందుకొచ్చాడు. పక్క తండాల నాయకులు కూడా ఉన్నారు, ఆయనే పిలిచాడు. "రామ్ రామ్!" అన్నాడు. "రామ్ రామ్, భాయ్," అంది నీల, తండాలో పుట్టినదానిలాగే. ఈలలు పడ్డాయి. నాయక్ కళ్ళు తుడుచుకున్నాడు. మెడలో దండ వేసి, అందరికీ వినపడేట్టు అడిగాడు.

"చెప్పు బిడ్డా, మనది ఏ గోత్రం? రాథోడా, పవారా, చవానా?"

నీల జమ్లికేసి చూసి, తర్వాత నాయక్‌కేసి చూసింది. "గోత్రం నై, భాయ్. నామ్ నీల. బస్."

"గోత్రం లేని గోర్ ఎట్లుంటది?"

"గోర్ అని ఎవడన్నడు?" అంది జమ్లి. "గోరీ అన్న నేను."

ఒక్కసారిగా అందరూ తలెత్తి ఫ్లెక్సీ చూశారు. తర్వాత తల దించి వినోద్ కోసం చూశారు. వినోద్ అప్పటికే చాయ్ బండి వెనకాల కూర్చుని కాలి చెప్పు పిన్నీసు సరిచేసుకుంటున్నాడు. చెప్పుకు పిన్నీసు లేదు.

"మరి ఈమె ఎవలు జమ్లీ?" నాయక్ గొంతు తగ్గింది.

"హిప్పీ."

బాన్సువాడలో హిప్పీ అంటే ఒకటే అర్థం, మెడ మీదికి జుట్టు పెంచినవాడు. మంగలి షాపులో పెద్దవాళ్ళు ఇప్పటికీ హిప్పీ కటింగ్ అనే అంటారు. నాయక్ నీల జడ చూసి, "ఆడోళ్ళల్ల హిప్పీ ఏంది?" అన్నాడు. పక్క తండా నాయక్ ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మోతీరాం మొహం నల్లబడింది.

"గంజాయి తాగి దేవుడంటరట గదా గాళ్ళు! నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్ జమ్లీ. భోగ్ చూడనీకి రానీ, వద్దన. నిప్పుల మీద చెయ్యి మాత్రం పెట్టనియ్య. గోత్రం పిలువకుంటె చెయ్యి ఎట్ల లేస్తది?"

"గంజాయి ఇడిసిపెట్టింది నీ కొడుకు పుట్టకముందే. పోయినేడు కల్లు తాగి భోగ్ కాడ బోర్ల పడ్డ నీ తమ్ముని చెయ్యి ఎట్ల లేసింది?" అంది జమ్లి. "మొక్కు నాది. రేపు పోయిస్త. నువ్వు ఈడ డప్పు ఆపినా, ఆడ నిప్పు ఆరదు."

అని ఆటో పిలిచింది.

పొద్దు గుంకకముందే నాయక్ జమ్లి ఇంటికి వచ్చాడు. కోపం దిగి, లెక్క మొదలైంది ఆయనకు. ఫ్లెక్సీ కట్టిందీ ఆయనే, జనాన్ని పిలిచిందీ ఆయనే.

"చూడు జమ్లీ, ఒక పని చేద్దాం. నీ గోత్రంల కలుపు. రేపు నెయ్యి పోసే భిక్యా తాత 'రాథోడ్' అని పిలిస్తడు, నీతోని ఆమె చెయ్యి కూడ లేస్తది. గామె రాథోడ్ అని ఒక్కసారి నోటితోని అంటె చాలు. నా ఇజ్జత్ దక్కుతది, నీ మొక్కు తీర్తది."

జమ్లి పొయ్యి దగ్గర నుంచే, "ఇంత సేపటికి నాయక్ లెక్క మాట్లాడినవ్" అంది. చాయ్ కూడా పోసింది.

నీల మాత్రం చాయ్ ముట్టలేదు. తల అడ్డంగా ఊపింది.

"ఏందే?"

నీల మెల్లగా, మాటలు ఏరుకుంటూ చెప్పింది. తన నాన్నకు పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. లారీల మీద, డబ్బాల మీద, బడి గోడ మీద కూడా ఆయన ఇంటిపేరే. తాను ఎక్కడికెళ్ళి ఆ పేరు చెప్పినా జనం లేచి నిలబడేవాళ్ళు. తానేమీ చెయ్యకముందే నిలబడేవాళ్ళు. అందుకే ఇరవై ఏళ్ళప్పుడు ఆ పేరు అక్కడే పారేసి బస్సెక్కింది. ఊరు తర్వాత ఊరు, దేశం తర్వాత దేశం. "నా పేరే నేను మోయలేదు జమ్లీ. నీ పేరు దొంగతనం చెయ్యమంటావా? నిప్పు ముందర? నా దగ్గర ఉన్నది బాప్ ఇచ్చింది కాదు. రాస్తా ఇచ్చింది, బస్."

నాయక్ లేచి, "ఇగ నీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు.

జమ్లికి ఒళ్ళు మండింది. "ఒక్క మాట! ఒక్క మాట అంటె నీ నోరు పడిపోతదా?"

"అబద్ధం కదా."

"గా గురువు గంతులెయ్యమంటె ఏసినవ్ గదా, గప్పుడు నిజమా?"

"అందుకే వదిలేశా," అంది నీల. తర్వాత జమ్లి పక్కన కూర్చుని పొయ్యి వైపు చూపించింది. "ఇదీ నిప్పే. ఇక్కడ పోద్దాం నెయ్యి. దేవుడు ఒకడే, పేరు అడగడు."

"నీ దేవుడు అడగడేమో. నేను మొక్కింది నీ దేవునికి కాదు." జమ్లి పొయ్యిలో కట్టె ఎగదోసింది. "అందరు ఒకటే అంటవ్. నువ్వు సచ్చిపోతున్నవని నేను మెట్ల మీద కూసున్ననాడు అందర్ని పిలువలే. ఒక్కని పేరు పెట్టి పిలిచిన. పేరు పెట్టి పిలిస్తె పలికినోని కాడికే పోవాలె. గాయన జాగ జెండా కింద ఉన్నది, నా పొయ్యిల లేదు."

నీల పొయ్యి ముందు నుంచి జరిగి కూర్చుంది. రొట్టెలు పెట్టగానే చెయ్యి చాపింది, ఎప్పటిలాగే తినేముందు పట్టుకోవడానికి. జమ్లి తన చెయ్యి ఇవ్వలేదు. రొట్టె మాత్రం ముందుకు తోసింది.

తెల్లారి జమ్లి జొన్నరొట్టె కాలుస్తుంటే వినోద్ వచ్చాడు. తప్పు చేసినవాడికి ఉపాయాలు కూడా బాగానే వస్తాయి.

"యాడీ, ఫికర్ చెయ్యకు. నెయ్యి పోసే భిక్యా తాతకు చెముడు గదా. ఆయన అడిగితె నీలక్కను 'గోరీ' అనమను. నిజమే గదా, అబద్ధం కాదు. తాతకు 'గోర్' అని ఇనవడ్తది. ఖేల్ ఖతం."

జమ్లి పట్టకారు ఎత్తింది. వాడు గుమ్మం దాకా వెనక్కి జరిగాడు.

"చెవిటోడు భిక్యా. సేవాభాయా చెవిటోడారా? నీ గా దీర్ఘం తోనే ఈడిదాంక వచ్చింది. పో, నడువు!"

వాడు నడిచాడు. నడవడమంటే గుమ్మం బయట ఉన్న బండి దాకా. బండి చప్పుడు దూరమైంది. జమ్లి పట్టకారు అలాగే పట్టుకుని నిలబడింది. నడువు. ఆ మాట ఎక్కడో తగిలింది. లోపల నీల లంగాకు ఊడిన అద్దాన్ని తానే కుట్టుకుంటోంది. కుట్టు వంకర పోతోంది. రాస్తా ఇచ్చింది, బస్.

రాస్తా అంటే బాటే కదా అనుకునేలోపు పెనం మీద రొట్టె మాడింది. జమ్లి దాన్ని తీసి కుక్కకు వేసి, లోపలికి కేక పెట్టింది.

"లే. మొఖం కడుక్కో. ఏం అబద్ధం ఆడకు, నీకు తెలిసిందే చెప్పు. తక్కింది నేను చూసుకుంట."

తెల్లజెండా కింద జనం నిండిపోయారు. పిడకలు కాలి నిప్పులయ్యాయి. భిక్యా ఎనభై ఏళ్ళ మనిషి, నడుముకు తెల్ల పంచె, పక్కన ఇత్తడి గిన్నె నిండా నెయ్యి. నాయక్ కొత్త తువ్వాలు వేసుకుని ముందు వరసలో నిలబడ్డాడు. జమ్లినీ నీలనూ చూసి చూడనట్టు జెండాకేసి చూశాడు. భిక్యా గరిటె ముంచి పైకెత్తి నోరు తెరవబోయాడు.

"ఆగు భిక్యా బాపూ." జమ్లి వరస దాటి ముందుకొచ్చింది. "గా గరిటె ఎవలది?"

"ఏందీ?"

"గా గరిటె ఎవలదీ?"

"బాటది. నడిచేటోళ్ళది. నీకెరుక లేదా?"

"దానికి గోత్రం ఉన్నదా?"

భిక్యా గరిటెను ఇటు తిప్పీ అటు తిప్పీ చూశాడు. "గరిటెకు గోత్రం ఏందే?"

"అయితె గది గీమె చేతికియ్యి. మొక్కు ఉన్నది."

నాయక్ దూకినంత పని చేశాడు. "జమ్లీ! నడిచేటోళ్ళంటె మన తాతలు. ఎద్దుల మీద ఉప్పేసుకొని దేశమంత నడిచినోళ్ళు. గీమె బస్సుల వచ్చింది!"

"నువ్వేమన్న నడిచొచ్చినవా? మీ ఇల్లు గాడ కనబడ్తుంది. బుల్లెట్ మీద వచ్చినవ్."

వెనక ఆడవాళ్ళు ఓణీలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జమ్లి నవ్వలేదు.

"మన తాతలు ఇల్లు లేక నడిచిన్రు. గీమె ఇల్లు ఇడిసి నడిచింది. దానితోని వచ్చినోళ్ళంత వాపస్ పోయిన్రు, ఇది పోలే. పట్టిన మాట ఇడువలే. నిన్న నువ్వు రాథోడ్ అనమంటె నా కోసం కూడ అనలే. గసొంటి మనిషి కోసం నేను దవాఖాన మెట్ల మీద కూసోని మొక్కిన. పేరు లేనోళ్ళకు ఈడ జాగ లేదని సేవాభాయా అంటె నేను పోత. నువ్వంటె పోను."

నాయక్ తువ్వాలు సర్దుకున్నాడు. నిప్పుల మీద బూడిద తెల్లగా పేరుకుంటోంది, ఇంకొంచెం ఆగితే ఆరిపోయేట్టుంది. భిక్యా నీల మొహంలోకి వంగి, గొంతు పెంచి అడిగాడు.

"గోర్‌వా, కోర్‌వా?"

జనంలో ఎక్కడో వినోద్ మునివేళ్ళ మీద లేచాడు. నీల జమ్లి చెప్పింది గుర్తుచేసుకుంది. అబద్ధం ఆడకు, తెలిసిందే చెప్పు. ఈ దేశంలో అంగళ్ళ నిండా తనను పిలిచిన మాట ఒకటే తెలుసు ఆమెకు.

"గోరీ," అంది. "సబ్ గోరీ బోల్తే."

వినోద్ కళ్ళు మూసుకున్నాడు. వరసలో ఎవరో, "గోర్ అన్నది, గోర్ అన్నది!" అన్నారు.

"గోర్ అనలే," అన్నాడు భిక్యా. "గోరీ అన్నది. నాకు పోయింది ఒక చెవే, రెండోది ఉన్నది." గరిటె ముందుకు చాపాడు. "బాట గరిటెకు గోత్రం అడిగినోడు మా నాయన కాలంల లేడు, నా కాలంల లేడు. పట్టు బిడ్డా. నిప్పు ఆరుతుంది, ఈళ్ళ పంచాయితీ ఒడువదు."

నీల రెండు చేతులా గరిటె పట్టుకుంది. గరిటె ఒరిగి కొంచెం నెయ్యి లంగా మీద పడింది. భిక్యా 'బాట' అనగానే తక్కింది నిప్పుల మీద పోసింది. ఓం అనలేదు, మరే దేవుడి పేరూ అనలేదు, వాళ్ళ పద్ధతిలోనే కళ్ళు మూసుకుంది. పొగ లేచింది. పొగే లేచింది. నల్లగా, ముక్కులు మండేట్టు, జెండా దాకా లేచింది. మంట లేదు. నీల దగ్గసాగింది. పాడైన ఊపిరితిత్తులు ఆ పొగకు ఆగలేదు. నోటితో ఊదకూడదని నియమం. జమ్లి పిడికిళ్ళు బిగించి నిప్పులకేసి చూస్తూ నిలబడింది, కన్ను ఆర్పలేదు.

నీల గరిటె గిన్నెలో పెట్టి, అలవాటు కొద్దీ రెండు పక్కలా చేతులు చాపింది. ఎడమ చేతిని జమ్లి గట్టిగా పట్టేసుకుంది. కుడి చెయ్యి పోయి మోతీరాం నాయక్ ముందర ఆగింది. ఆయన ఆ చెయ్యి చూశాడు, పక్క తండా నాయకులను చూశాడు. పట్టుకోలేదు. భుజం మీది కొత్త తువ్వాలు తీసి ఆ చేతిలో పెట్టాడు. "మూతికి పెట్టుకో, పొగ పోతది" అన్నాడు, ఎటో చూస్తూ.

అప్పుడు బూడిద కింద ఏదో చిటపటమంది. పొగ మధ్యలోంచి పచ్చటి నాలుక ఒకటి పైకి లేచి, నెయ్యిని అందుకుని, భగ్గున మండింది.

"సేవాభాయా," అంది జమ్లి, "తెచ్చిన."

అంతే అంది. భిక్యా గరిటె వెనక్కి తీసుకుని, "రాథోడ్!" అని గోత్రాల పిలుపు మొదలుపెట్టాడు.

సాయంత్రం వినోద్ బస్టాండు దగ్గర ఫ్లెక్సీ విప్పి, చుట్టచుట్టి జమ్లి ఇంటికి తెచ్చాడు. అరుగు మీద నీల బీడీ కాలుస్తోంది. భుజం మీద నాయక్ తువ్వాలు ఇంకా ఉంది, ఆయనా అడగలేదు, ఈమె కూడా ఇవ్వలేదు. జమ్లి ఫ్లెక్సీ లాక్కుని కట్టెల మోపు మీద కప్పింది. నాయక్ నిలువెత్తు బొమ్మ ఆకాశంకేసి నవ్వుతూ పడుకుంది.

"యాడీ, తప్పైంది. కొత్తది కొడ్త, సక్కగ కొడ్త. నీలక్క పేరు రాస్త," అన్నాడు వినోద్. మళ్ళీ నోరు ఊరుకోలేదు. "ఇంతకు చెప్పు, హిప్పీలది ఏ గోత్రం?"

జమ్లి కట్టెల మీద ఫ్లెక్సీ ఎగరకుండా రాయి పెట్టి, వాడి బండికేసి ఒకసారి చూసింది.

"నడిచే గోత్రం. షాపు కాడి నుంచి చాయ్ బండి దాంక బండి మీద పోయేటోనివి, గది నీకెందుకురా?"